రెండో గేరు

బరంపురం బైపాసు మీద షోరూము కుర్రాడు
తెల్లబండి తలుపు తీసి ఏసీ వేశాడు.
మడత మంచం, మడత బల్ల, మడత కుళాయి,
అన్నీ మడతలే, చీరలకొట్టు లాగా.
బండికి జబ్బు చేస్తే అద్దం మీద అక్షరాలొస్తాయట.
అవి చదవడానికి భువనేశ్వర్ నుంచి మనిషొస్తాడట.
ముప్పై ఒక్క ఏళ్ళు గుణుపురం బస్సు తోలినవాణ్ణి నేను.
ఇంజను దగ్గితే ఏ గొట్టంలో తెమడ చేరిందో
అరికాలితో చెప్పేవాణ్ణి.
ఈ బండిలో అరికాలికి పని లేదు.

తవిటమ్మ పొయ్యి ఎక్కడని అడిగింది.
నల్లటి గాజుపలక చూపించాడు.
దాని మీద వేలు రాసి, వేలు చూసుకుని,
ఏమీ అనకుండా కిందికి దిగిపోయింది.
మర్యాద కోసం ధర అడిగాను,
చెప్పులేసుకుంటూ.

దండపాణి బెహరా పాతినుము దొడ్లో
ఆముదం మొక్కల మధ్య ఉంది మేటడోరు.
టాపు మీద కోళ్ళు. ముక్కు మీద తుప్పు.
ఒక కన్ను లేదు. రెండో కన్ను
బడికి పోనని మొండికేసిన పిల్లాడిలా
మమ్మల్నే చూస్తోంది.
లోపల ఫినాయిలు వాసన, దానికింద స్పిరిటు,
దానికింద ఎవరిదో తడిసిన గొంగళి.
ఎవరో చేత్తో కొట్టిన చెక్క అరలు:
ఒక్క మేకూ తిన్నగా లేదు, ఒక్క అరా ఊగదు.

నేను బండి కిందికి దూరాను.
కమాను పట్టీలు లెక్కపెట్టాను, ఒకటి వేరే బండిది.
ఛాసిస్ మీద స్పానరుతో కొడితే
పగలని కుండ మోగినట్టు మోగింది.
రెండో గేరు మాత్రం పడదు.
మూడుకి పోయి, అక్కణ్ణుంచి
బతిమాలుకుంటూ వెనక్కి రావాలి.
బెహరా ఆ మాట దాచలేదు.

కింద నుంచి నాకు తవిటమ్మ పాదాలు కనిపిస్తున్నాయి.
కదలడం లేదు.
లేచి చూస్తే కొంగుతో బండి పక్క తుడుస్తోంది.
నీలం రంగు పెచ్చులూడి, కింద
ఎర్ర త్రికోణం.
దానికింద ఒడియా అక్షరాలు. నాకు ఊళ్ళ పేర్లే వచ్చు.
తను కాశీనగరం బళ్ళో అయిదు దాకా చదివింది,
వేలు పెట్టి కూడబలుక్కుంది:
ఆమే దుయి, ఆమొరొ దుయి.
మనం ఇద్దరం, మనకి ఇద్దరు.

ఇలాంటి బండే మా ఊరొస్తే
మా నాన్న రెండ్రోజులు గడ్డివాములో దాక్కున్నాడు.
చీకటి పడ్డాక అదే బండి తెరకట్టి బొమ్మ వేస్తే
గడ్డిపరకలు దులుపుకుని వచ్చి ముందు వరసలో కూచున్నాడు.
ఆ సంగతి చెబుదామనుకున్నాను.
తవిటమ్మ మొదటి సగం మీదే వేలు ఉంచి
"ఈ మట్టుకి చేసినాం గదయ్యా" అంది,
నవ్వింది.
నేను వంగి టైరు నొక్కి చూశాను.
అందులో గాలే లేదు.

బేరం తనే ఆడింది.
"ముందు ముగ్గురు పోయారని
మా యమ్మ నన్ను చేటెడు తవుడిచ్చి కొన్నాది, బాబూ.
అరవై రెండేళ్ళయింది. ఇంకా నడుస్తున్నాను.
పాత సరుక్కి ధరెవరు కడతారు?"
బెహరా ఆమె వంకా బండి వంకా చూశాడు.
మూడువేలు తగ్గించాడు.
కాసేపు గోక్కుని
స్టెపినీ కూడా పడేశాడు.

రంగులాయన త్రికోణం కప్పేయనా అన్నాడు.
కిటికీకి కర్టెను ఏ రంగు బావుంటుందో
తవిటమ్మ అతన్నే అడిగింది.
ఎర్రది అలాగే ఉంది.

తప్తపాణి ఘాటులో మూడో మలుపు దగ్గర
మూడు పడింది, రెండు పడలేదు.
బండి వెనక్కి జారుతుంటే
తను దూకి చక్రం కింద రాయి పెట్టింది.
నేను తిట్టాను. తను కిరసనాయిలు స్టవ్ వెలిగించింది.
టీ మరిగే లోపు చింతపండు లారీ ఒకటి ఆగింది.
"బండి చెడిందేటమ్మా?"
"నేదు. ఈపూట ఇల్లిక్కడ."

గేరు పడ్డాక, ఆ రాయిని
పై అరలో పెట్టింది,
ఉప్పుడబ్బా పక్కన.