వెనక్కొచ్చేటప్పుడు బరువెయ్యొద్దు

మొన్న బెజవాడ నుంచి ఎవరో మేడమ్ వచ్చి
ఒంగోలు ఐటీఐ షెడ్డులో మమ్మల్ని
బాసింపట్లేసి కూర్చోబెట్టి
కళ్లు మూసుకోండి, ఊపిరిని చూడండి అంది.
చూశాం.
ఏమీ తినకుండా బస్సెక్కిన ఊపిరికి
చీమకుర్తి రాతిపొడి వాసన.
పక్కన ఏసుపాదం కడుపు గుర్రుమంది.
ముప్పైమందిమీ నవ్వాం.
ఆమె కూడా నవ్వింది, పాపం.

ఆమె వెళ్లాక పీరా సారు
వైసులోంచి నా ఇనపముక్క తీసి
మూలమట్టం ఆనించి కిటికీకేసి ఎత్తిపట్టాడు.
సందులోంచి వెలుతురు కారతా ఉంది.
"రాత్రి ఇంట్లో గొడవా మాలకొండా?"

నేను చెప్పలేదు,
క్వారీలో నాయన్ని పని మాన్పించారని,
ఎక్స్‌రేలో ఆయన రొమ్ము
ముగ్గు చల్లినట్టు ఉందని,
స్కాలర్‌షిప్పు పడలేదని,
నా బస్సుపాసు కోసం అమ్మ
పాలిషింగ్ ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు అడిగిందని.
ఆకురాయి చెప్పేసింది.
మూలలన్నీ గుండ్రంగా అరిగిపోయినయ్,
కోపమంతా అక్కడే దిగినట్టుంది.

"ఇనుముకి నీ ఇంటి సంగతి తెల్దు అబ్బయా,
దానికి నీ చెయ్యే తెలుసు.
ముందుకి తోసేటప్పుడే కోత.
వెనక్కొచ్చేటప్పుడు బరువెయ్యొద్దు,
పళ్లు మొద్దుబారతయ్."

అప్పట్నుంచీ లెక్క.
తోస్తే ఊపిరి బయటికి.
వస్తే లోపలికి, తేలిగ్గా,
నిద్రపోయిన చెల్లెలి తలకింద నుంచి
చెయ్యి లాక్కున్నట్టు.
పదహారు, పదిహేడు...
నలభై దగ్గర నాయన దగ్గు వినపడింది.
పొమ్మనలేదు. కూర్చోమనీ అనలేదు.
దగ్గి, పోయింది.
మళ్లీ ఒకటి.

ఇది ధ్యానమో కాదో నాకు తెల్దు.
అరచేతి బొబ్బ పగిలి కారం రాసినట్టు మంట,
గోళ్లకింద ఇనపరజను.
"యాభై మిల్లీమీటర్ల ముక్క కోసం
సగం ఆయుష్షు అరగదీసినావు గదరా"
అంటాడు ఏసుపాదం.
నిజమే. రేపు తుక్కులో పడేదే.

సాయంత్రం మళ్లీ మూలమట్టం ఆనించా.
మూడు వైపులా చీకటి, గట్టిగా.
నాలుగో వైపు ఇంకా
వెంట్రుకంత వెలుతురు.
సారు చూశాడు, ఏమీ అనలేదు,
తాగుతున్న టీ సగం
నా వైపు జరిపాడు.

కర్నూలు రోడ్డు మీద బస్సు.
ఎదురుగా రాళ్ల లారీలు,
ఒకదాని దుమ్ములోంచి ఒకటి.
కడ్డీ పట్టుకున్న చెయ్యి దానంతటదే
ముందుకీ వెనక్కీ.
ఇంటికి వెనక్కొస్తున్నా.
పదహారు.
పదిహేడు.