మూత

మూడోసారి తెచ్చినాడు దొరసామి
గుజ్జు ఫ్యాక్టరీ గడ్డి మిషన్ని,
టీవీఎస్ వెనకాల తాళ్లేసి
సంతకు తోలే దూడ మాదిరి.

"పది నిమిషాలు బాగానే ఆడతాదన్నా.
ఆఫీసు ముందర సగం కోస్తానో లేదో
గుక్కపట్టి ఆగిపోతాది.
సగం గొరిగిన తలకాయ మాదిరుండాది లాను.
మేనేజరు కిటికీలోంచి చూస్తానే ఉంటాడు."

మొదటిసారి తప్పు కార్బురేటరుదే.
వానల్లో నాలుగు నెలలు షెడ్డులో నిలవున్న పెట్రోలు
గిన్నె అడుగున ఎండి
పచ్చి మామిడి సొన మాదిరి అంటుకునుండె.
ఫ్లోటు కదల్లేదు.
చోక్ వేస్తే బతుకుతాది, తీస్తే చస్తాది.
అంటే ఆకలి. జెట్ పూడిపోయింది.
కరెంటు వైరులోంచి ఒక్క రాగిపోగు లాగి పొడిచినా.
ఇనుప సూది పెడితే బెజ్జం పెద్దదవుతాది,
ఇంజను తిండిపోతై నల్లపొగ కక్కుతాది.
నాకు పని నేర్పిన ఖాజా మియా
ఒక కన్ను మూసి జెట్‌ని ఎండకెత్తేవాడు.
అవతల, ఆవగింజలో సగమంత వెలుతురు.
"కనపడిందా? అంతే. ఇంక గెలకొద్దు."

రెండోసారి,
కనపడిన వెలుతురునే మళ్లీ కడిగినా.
గ్యాస్కెట్ మార్చినా. మూడొందల యాభై తీసుకున్నా.
చెడింది ఏందో తెలీనప్పుడు
చేతికి తెలిసినదాన్నే విప్పుతాం.

ఈ పొద్దు విప్పలేదు.
సంతపేటలో అంగడి ముందర
ఊరికే ఆడించి కూర్చున్నా.
టీ వచ్చింది. తాగినాం.
పుత్తూరు బస్సు దుమ్ము లేపి పోయింది.
పదకొండో నిమిషం
శబ్దం ఎత్తింది, దించింది, ఎత్తింది,
మొగిలి ఘాటెక్కే లోడు లారీ మాదిరి,
ఆగింది.

పెట్రోలు అయిపోయిందేమోనని
దొరసామి మూత తిప్పినాడు.
స్స్‌మంది.
గోలీసోడా బయటికి కొడతాది.
ఇది లోపలికి పీల్చింది.

తాడు లాగితే ఒక్క పీకుకే లేచింది.

"ఆగినప్పుడల్లా ఇట్లే మూత తీస్తావా?"
"తీయకుంటే ఎట్లన్నా, ఉందో లేదో."
"ఉంటాదా?"
"ఉంటాది."

మూత తిరగేసినా.
గాలిబెజ్జం నిండా ఎర్రమన్ను, కందిరీగ మెత్తింది.
ఆ నాలుగు నెలలూ షెడ్డులో
పని చేసింది అదొక్కటే.

గాలి లోపలికి రానియ్యకపోతే
ట్యాంకు చుక్క కూడా వదలదు.
నిండుగా ఉండి బిగబట్టుకుంటాది.
మధ్యలో కార్బురేటరు ఎక్కడినుంచి తెచ్చి పోస్తాది?
రెండుసార్లు విప్పి దాని పేగులు లెక్కపెట్టింది నేను.

అదే రాగిపోగు, రెండు పోట్లు.
మన్ను రాలింది. దాంతోపాటు
ఎండిపోయిన పచ్చపురుగు ఒకటి,
ఎవరి బిడ్డకో దాచిన కూడు.

మూడొందల యాభై తీసి దొరసామి చేతిలో పెట్టినా.
ఎంచుకున్నాడు.
యాభై నోటు బల్ల మీద పెట్టి
పైన స్పానర్ ఉంచినాడు, ఎగిరిపోకుండా.
"గ్యాస్కెట్ నీదే కదన్నా."

మిషన్ని మళ్లీ తాళ్లతో కట్టినాడు.
ఎండ తగ్గకముందే పోవాలంట,
మిగిలిన సగం ఉండాది.