ఆధారం జతచేయండి

గుణుపురం సెక్షన్ ఆఫీసులో
మధ్యాహ్నం మూడు దాటితేగానీ నెట్ రాదు.
అప్పటిదాకా కిల్లి దాలినాయుడు
హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని
పిల్లిని నిమిరినట్టు దాన్ని నిమురుతూ
నా టేబుల్ ముందు కూర్చుంటాడు.

నెలాఖరుకల్లా ప్రతి ఉద్యోగికీ
ఆన్‌లైన్‌లో ఒక పోర్ట్‌ఫోలియో ఉండాలట.
చేసిన పని, నేర్చిన విద్య, ఎదగాలనుకున్న దిక్కు
అన్నీ అందులోనే.
అది లేనివాడి పేరు
సీనియర్ టెక్నీషియన్ జాబితాకి ఎక్కదు.
ఆ మాట నోరు తిరగక ఆయన పొట్లం అంటాడు.
"నా పొట్లం కట్టీసేవా తల్లీ?"

చదువు: పదో తరగతి.
మూడోసారికి గట్టెక్కాడు,
మొదటి రెండుసార్లకీ గడి లేదు.

వచ్చిన భాషలు:
కిందికి జారే పట్టీలో ఒడియా ఉంది, హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది.
మేమిద్దరం మాట్లాడుకుంటున్నది లేదు.
ఇతరములు నొక్కి
తెలుగు, కామా, సవర అని కొట్టాను.
"సవర ఏపాటి వొచ్చు?"
"ముట్టుకోకండి, సచ్చిపోతారు అనడానికి సరిపడా."
అది తీసుకెళ్లి నైపుణ్యాల గడిలో పెట్టాను.

ఆధారం జతచేయండి.
ఫొటో రెండువందల కేబీ మించరాదు.
"తుఫాను రాత్రి పనిచేసినవేవైనా ఉన్నాయా?"
"రెండు సేతులూ స్తంభానికుంటే
ఫొటో ఎవుడు తీత్తాడు తల్లీ?"

మర్నాడు సంచీ విప్పాడు.
పన్నెండు డైరీలు.
ఎరువుల కొట్టువి, బీమా ఏజెంటు ఇచ్చినవి,
ఒకటైతే నాలుగేళ్ల కిందటిది,
వారాలు కొట్టేసి పైన దిద్దుకున్నది.
లోపల పెన్సిల్, రోజుకో ముక్క.

స్తంభం 37. చింతకొమ్మ. నరకనియ్యలేదు, బతిమాలేను.
కాశీనగరం ఫీడరు. ఏరు పొంగింది. పడవలో నిచ్చెన.
స్తంభం 114. పాము.
స్తంభం 62. పెళ్లి పందిరోళ్ల కొక్కెం. భోజనం పెట్టేరు.
స్తంభం 114. మళ్లీ పామే.
స్తంభం 114. తప్పు నాది.

నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.
ఆయన హెల్మెట్ బోర్లించాడు, మళ్లీ తిప్పాడు.
"ఎల్సీ తీసుకోకుండా ఎక్కీసేను.
రోజూ ఎక్కే స్తంభమే కదా అని.
సబ్‌స్టేషన్‌లో కొత్త కుర్రోడు లైను ఇచ్చీసేడు.
నాకేటీ అవలేదు.
కింద వైరు పట్టుకున్నది పూర్ణో గమాంగ్.
రెండు వేళ్లు."

ఇది వదిలేద్దామా అన్నాను.
పొట్లంలో మంచివే కడతారు కదా ఎవరైనా,
పుచ్చు వంకాయ అడుక్కి పోయినా.
"ఉంచు" అన్నాడు.
"మిగిలినియ్యన్నీ సేసినియ్యి. నేర్సుకున్నది ఇదొకటే."

నేర్చుకున్న పాఠం, రెండువందల యాభై అక్షరాలు మించరాదు.
ఆయనది ఒక వరుసలో అయిపోయింది:
ఎల్సీ చేతికందకుండా ఎక్కకు.
పోయేది నీ చెయ్యి కాదు.

సమర్పించు నొక్కాను.
చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది,
టప్‌మని కరెంటు పోయింది.
కరెంటాఫీసులో యూపీఎస్ బ్యాటరీ చచ్చి
ఈ ఆషాఢానికి ఏడాది.

"నూట పద్నాలుగే అయుంటాది."
తలకి హెల్మెట్ ఎక్కిస్తూ లేచాడు.
వరండాలోంచి ఆయన గొంతు,
ఫోన్లో ఒడియా, తాపీగా,
ఫీడరు పేరు రెండుసార్లు, టైము రెండుసార్లు,
అవతలివాడిచేత తిరిగి చెప్పించుకుని
నాలుగోసారి.
ఆ తర్వాతే బండి స్టార్టయింది.

ఇప్పటికి నలభై మూడు కట్టాను నేను.
అవుట్‌సోర్సింగ్ దాన్ని,
నా పేరుకి లాగిన్ లేదు.
ఆయన మరిచిపోయిన పెన్సిల్ తీసి
కిటికీ వెలుగులో, పాత కరెంటు బిల్లు వెనక,
తేదీ వేసి రాశాను:
పొట్లం 43. సేవ్ అవలేదు.
రేపు మళ్లీ.