ఆకాశం కనిపించే చోటు

మొదట ముందద్దానికి అంటించాను.
రబ్బరు మూతి గట్టిగానే పట్టింది,
సెస్‌ఫాంటైన్ దాటేదాకా.
ఎండెక్కాక
ముద్దు మధ్యలో అలిగినట్టు
టప్‌మని వదిలేసింది.
అరచేతంత పసుపు జీపీఎస్
గేరు రాడ్డు మీంచి దొర్లి
పైపు రెంచీల మధ్య పడి,
అక్కడ్నుంచి కూడా
ఉత్తరం ఎటో చూపిస్తూనే ఉంది.

తర్వాత డాష్‌బోర్డు మీద వెల్క్రో.
దుమ్ము ఒప్పుకోలేదు.
కునేనేలో పెత్తనమంతా దానిదే,
అద్దాలు బిగించుకున్నా
పిలవని చుట్టంలా లోపలికొచ్చి
కనురెప్పల మీద కూర్చుంటుంది.

ఆ తర్వాత సీట్ల మధ్య, గ్లాసు పెట్టుకునే గుంటలో.
పైన ఇనుప కప్పు.
ఒక్క ఉపగ్రహమూ చిక్కలేదు.
ఎక్కడున్నావో తెలియదంది
దాని పక్కనే కూర్చున్న నాతో.

ఇక్కడ పికప్‌ని బక్కీ అంటారు.
నాది ప్రభుత్వ బక్కీ, తెల్లది,
బోరు పంపులు బాగుచేసే శాఖది.
అందులో ఖాళీ సీటుంటే అది ఊరందరిదీ.
ఆ రోజు కపెనైన ఎక్కింది,
గొడ్డు కొమ్ముల్లాంటి తలపాగాతో,
ఏడు గజాల గౌను సర్దుకుంటూ,
కాళ్ళ దగ్గర ఒక మేకపిల్లతో.

నా తంటాలు చూసి
"ఇటివ్వు" అంది.
కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.
"దీనికేం కావాలి?"
"ఆకాశం కనపడాలి."
"అంతేనా" అని
కిటికీ అంచున మోచెయ్యి ఆనించింది.
అరవై కిలోమీటర్లు
కడ్డీలన్నీ నిండుగా నిలబడ్డాయి.

బాణం నేరుగా చూపిస్తోంది.
నేరుగా కొండ ఉంది.
"ఇది కాకికి దారి చెబుతోంది" అంది,
"నువ్వు ఎడమకి తిప్పు.
టైరు వేలాడే చెట్టు వస్తుంది.
అక్కడ ఏటి ఇసుక గట్టిది."
టైరు వచ్చింది.
ఇసుక గట్టిగానే ఉంది.

పూరోస్‌లో దిగిపోయింది.
దాన్ని సీట్లో పడుకోబెట్టి,
ఎండ తగలకుండా
నా టోపీ కప్పి మరీ.

రాత్రి టార్చి పళ్ళతో కరచి
ఇక మరలతోనే బిగిద్దామనుకున్నాను.
గోళీ కీలున్న ఇనుప చెయ్యి,
నాలుగు మరలు, ఒక చేతి డ్రిల్లు.
అద్దానికి అడ్డం రాకూడదు,
ఈ ఏటిలో మలుపు తిరిగితే
ఏనుగు నిలబడి ఉండొచ్చు.
ఎండ పడి తెర తెల్లబోకూడదు.
నా చెయ్యి అందాలి, మోకాలు తగలకూడదు.
అన్నీ కలిసే చోటు ఒక్కటే,
స్టీరింగుకి కుడిపక్క, స్తంభం మొదట్లో.

కిరోసిన్ గుడ్డతో అక్కడ తుడిస్తే
నాలుగు రంధ్రాలు.
పాతవి. మట్టి గట్టిపడి పూడినవి.

నాకు ముందు ఈ బండి
పదకొండేళ్ళు ముహరుకువా నడిపాడు.
రేడియోలో అడిగాను,
ఏం బిగించావు అక్కడ అని.
గరగర.
"అవా? నేనొచ్చేసరికే ఉన్నాయి.
నేనూ అందరినీ అడిగాను."
మళ్ళీ గరగర. ఇద్దరం కాసేపు
ఏమీ మాట్లాడకుండా
మీట నొక్కుకుని ఉన్నాం.

డ్రిల్లు లోపల పెట్టేశాను.
మేకుతో మట్టి తవ్వాను.
మూడు మరలు దిగాయి.
నాలుగోది వెంట్రుకవాసి పక్కకుంది,
ఎవరి కొలతో అది, నాది కాదు.
ట్యూబు ముక్క మడిచి దోపాను.

తెల్లవారి గతుకుల్లో
బండంతా ఊగింది, అది ఊగలేదు.
అయినా ప్రతి గుంట దగ్గరా
నా ఎడమ చెయ్యి ఖాళీ సీటు వైపు
తనంతట తనే పోయి వస్తోంది.

తెర మీద నేనొక నల్లటి ముక్కోణం.
ఎండిపోయిన ఇరవై మూడో పంపు
ఇంకా నలభై కిలోమీటర్లట,
కాకి లెక్కలో.