మూడో గ్రేడు

జనవరి వచ్చిందంటే
కొండపి చుట్టుపక్కల గాలికంతా బ్యారన్ వాసనే.
మా బడి కిటికీలు మూసినా ఆగదు,
సుద్దపొడిలో కలిసి
మధ్యాహ్నం పప్పన్నంలోకీ దిగుతుంది.

ఇవాళ మూడో ఫార్మేటివ్.
నాలుగో తరగతి, పద్నాలుగు మంది.
పోయిన నెల బేస్‌లైన్, అంతకు ముందు స్లిప్ టెస్టు,
వచ్చే నెల ఇంకోటుంది.
దాని పేరు ఇంకా గ్రూపులో పెట్టలేదు.

నాలుగో ప్రశ్న:
కింది సంఖ్యలను పెద్దదాని నుండి చిన్నదానికి వరుసలో రాయుము.

రాత్రి పదింటిదాకా కర్రలకు ఆకందించిన
దీవెన వేళ్లకు పొగాకు బంక.
పట్టుకున్న పెన్సిలు వదలదు.
కాగితం మీద పేరు రాసింది, సగం.
దాని పక్కన ఒక బొటనవేలి ముద్ర.
అది రాసింది కాదు, దానంతటదే పడింది.
తర్వాత ఆ ముద్ర మీదే తల పెట్టి నిద్రపోయింది.
లేపబోయాను.
లేపలేదు.

అట్లాగని పరీక్షలే వద్దంటానా?
మాల్యాద్రిని ఎట్లా మరిచిపోను?
రెండేళ్లు ముందు వరుసలో తలూపుతూ కూర్చున్నాడు,
పక్కవాడి నోరు చూసి పద్యం ఒప్పజెప్పాడు.
అల్లరి లేదు, అడగడం లేదు,
రిజిస్టర్లో 'బుద్ధిమంతుడు' అని రాసింది నేనే.
బోర్డు మీది ఆరు ప్రశ్నల్ని
వాడు కాగితం మీద ఆరు గీతలుగా దించుకున్నాక గాని
నాకు తెలియలేదు.
ఒంగోలు తీసుకుపోతే మైనస్ నాలుగున్నర అన్నారు.
అద్దాలు పెట్టుకుని బడికొచ్చిన పొద్దున
"మేడం, వేపాకు అంచుకి పళ్లుంటాయా!" అన్నాడు.
ఆ పరీక్షలో తప్పింది నేను.
ఆ కాగితం ఎవరికీ పంపలేదు,
నా బీరువాలోనే ఉంది.

సాయంత్రం గోడౌన్‌కి పోయాను.
సలోమి తలెత్తలేదు.
ఆకు తీయడం, వెలుగుకి పట్టడం, వేయడం.
నిమ్మపండు రంగు ఇటు, మచ్చది అటు, పచ్చ చచ్చిపోనిది వెనక్కి.
రెప్ప పడేలోగా ఒక ఆకు తీర్పు అయిపోతుంది.

"మా పిల్లకేం గ్రేడొచ్చింది మేడం?"
"సీ వచ్చేట్టుంది."
"అంటే?"
"మూడోది."
చేతిలో ఆకు ఆగింది.
"మూడో రకాన్ని వేలంలో కంపెనీవోళ్లు తిరిగి గూడా చూడరు."
కాసేపటికి మళ్లీ తనే:
"మేం గ్రేడు చేసేది కాల్చినాక గదా.
చెట్టు మీదుండంగనే ఆకు రంగు ఎవురు జెప్తారు?"

నేను ఆకుల వైపు చూస్తూ నిలబడ్డాను.
తల్లి పక్కన దీవెన చిక్కం కడుతోంది:
అడుగున పెద్దాకు, దాని మీద చిన్నది,
దాని మీద ఇంకా చిన్నది.
ఎవరూ అడగలేదు వరుసలో పెట్టమని.

రాత్రి తొమ్మిదింటికి
బడి మెట్ల మీద సిగ్నలు కోసం కూర్చున్నా.
పదమూడు పేర్లకు పదమూడు అక్షరాలు నింపాను.
పద్నాలుగో గడిలో వేలు ఆగింది.
ఏ, బీ, సీ. అంతే.
'ఇంకా కాదు' అనేది ఆ జాబితాలో లేదు.
గైర్హాజరు నొక్కాను.

కారణం ఎంచుకోండి, అంది ఫోను.
జ్వరం. ఊరు వెళ్లుట. ఇతరములు.

ఇతరములు నొక్కాను.
తెర మీద చక్రం తిరుగుతూ ఉంది.
అవతల బ్యారన్‌లో ఎవరో పొయ్యిలోకి ఇంకో మోపు తోశారు.