డబల్ పాయింట్ బల్బు

కనగల్ క్రాస్‌రోడ్డు కాడ
పోలీసాయన నా బండి ఎనకకు టార్చి కొట్టి
"ఒంటికన్నుతోని ఎంత దూరం తోల్తవ్?" అన్నడు.
దిగి సూసినదాంక
కుడిదిక్కు దీపం సచ్చిన సంగతి
నాకు తెల్వనే తెల్వదు.

ఇండికా. రెండు లక్షల తొంబైవేల కిలోమీటర్లు.
పొద్దుగాల ఆస్పత్రి కిరాయి, పొద్దుమీకి బత్తాయి బస్తాలు.
ముంగటి అద్దం తుడుస్త, రేడియేటర్ల నీళ్లు వోస్త,
బంపర్‌కు నిమ్మకాయ కడ్త.
ఎనకకు ఏం జేసిన?
ఎన్నడన్న ఒక బట్టపేలిక పెట్టి తుడిచిన్నా?

తెల్లారి దేవరకొండ రోడ్డుల
చాంద్ పాషా షెడ్డు ముంగట ఆపిన.
ఆయన చాయ్ తాగుడు ఆపలే.
"నలభై రూపాల బల్బుకు నా చేతులెందుకు?
డిక్కీ తెరువు, నువ్వే ఇప్పు."

రెండు నట్లు. తుప్పు వాటిని ఒక పట్టాన ఇడువలే.
డబ్బ నిండ నీళ్లు, పోయిన వానకాలంవి.
నీళ్లల్ల రెండు చీమలు, ఒక బత్తాయి గింజ.
అది ఆడికెట్ల వొయ్యిందో
ఇప్పటికీ సమజ్ గాలే.

హోల్డర్ ఎడమకు తిప్పితే ఊడొచ్చింది.
బల్బు నల్లగ, బీడీలు తాగే పెదివి లెక్క.
పాషా కొత్తది ఎండకు వట్టి సూపెట్టిండు:
"ఒక్క గాజుల రెండు తీగెలు.
సన్నది రాత్రంత ఎల్గుతది, నేనున్న అంటది.
లావుది నువ్వు కాలు తొక్కినప్పుడే, ఆగుతున్న అంటది.
పిన్నులు గూడ చూడు, ఎగుడుదిగుడు.
తిర్లమర్ల ఎక్కిచ్చినవనుకో,
ఉన్న అనేది ఆగుతున్న అన్నట్టు ఇనపడ్తది.
ఎనకటోడు నమ్ముడు మానేస్తడు."

పెట్టిన. ఎల్గలే.
బ్రేకు తొక్కితే ఇండికేటర్ కన్నుకొట్టింది.
పాషా కడుపు వట్టుకొని నవ్విండు.
"ఎర్తు లేదు బిడ్డా,
కరెంటుకు మర్లొచ్చే తొవ్వ దొరకక
పక్కింటి గోడ దుంకుతుంది."
గరుకు కాయితం చేతుల వెట్టిండు.
ఇనుము తెల్లగయ్యేదాంక రుద్దిన.

మూలకు పగిలినకాడ ఎర్ర ముక్క అతికియ్యాలె అంటే
బిస్కెట్ డబ్బ గుమ్మరిచ్చిండు.
అన్నీ ఎర్ర పెంకులే,
ఆటోలవి, బుల్లెట్లవి, లారీలవి.
"యాడ కొన్నవ్ పాషాభాయ్?"
"కొనలే. ఏరిన."
ఏ రోడ్డు మీద అని నేను అడగలే.
కొన్నిటికి ఇంక మన్ను అంటుకొనే ఉంది.

ఆ నడుమనే ఒక పత్తి ట్రాక్టర్
జిన్నింగ్ మిల్లుకు పోతపోత గాలికోసం ఆగింది.
ట్రాలీ మీద ఇల్లంత పత్తి.
ఎనక దీపం లేదు, రంగు లేదు,
డాలా మీద నంబరు సుత లేదు.
పాషా లేశి, అడగకుంటనే
రెండు పెంకులు తీగెతోని డాలాకు బిగిచ్చిండు.
"నా తాన పైసల్ లెవ్వు" అన్నడు గుర్రంపోడు ఇద్దయ్య.
"నేనేమన్న అడిగిన్నా?"
"మరి ఇందుల కరెంటు లేకపాయె, ఎట్ల ఎల్గుతది?"
"ఎనకొచ్చేటోని దీపమే ఇందుల పడ్తది.
వానిది వానికే కనపడ్తది. గంతే."

ఇగ నా బండి పరీక్ష.
తొక్కేటోడు లోపల, సూసేటోడు బయట.
ఇది ఒక్కని పని గాదు.
ఇరవై ఏండ్ల సంది తోల్తున్న,
నా బ్రేకు ఎరుపు నేను ఒక్కసారి సూడలే.

"తొక్కు."
తొక్కిన.
"ఇడువు."
ఇడిచిన.
"ఎల్గిందా?"
ఆయన పలుకుత లేడు.
పక్క అద్దంల సూస్తె
చాంద్ పాషా వంగి నిలబడి ఉన్నడు.
తెల్ల గడ్డం
ఎర్రగైంది, మళ్ల తెల్లగైంది,
మళ్ల ఎర్రగైంది.
కాలు తియ్యబుద్ధి గాలే.

సచ్చిన బల్బు పారెయ్యలే,
డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్న.
బండి ఆపి చెవికాడ ఊపితే
తెగిన తీగె సన్నగ గలగలమంటది.
కిరాయికొచ్చినోళ్లు అడుగుతరు,
గదేంది డ్రైవరన్నా అని.
బత్తాయి గింజ అని చెప్త.