పాతర పోస్టరు

మొదట వచ్చింది మంచి పోస్టరు.
నల్లటి గుండ్రం, అంచున తాడు కొస.
అడుగున చిన్న అక్షరాల్లో "పాతర".
మొహాలు లేవు, నెత్తురు లేదు,
వచ్చే తేదీ కూడా రాయలేదు.
ఆదోని జిన్నింగు మిల్లు గోడకంటించి
నాలుగడుగులు వెనక్కి జరిగి చూసినా.
ఉరుకుందు మైదా బక్కెట్టు దించి
"ఏముందన్నా ఇందులో, ఏమీ లేదు గదా" అన్నాడు.
అని, మళ్లీ దాని దిక్కే చూసినాడు.
అదీ లెక్క.

మా అవ్వోళ్లింట్లో జొన్నల పాతర ఉండేది.
బండ తీసినంక ఎవరూ గబుక్కున దిగరు.
తాడుకు దీపం కట్టి ముందు దాన్ని పంపుతారు.
ఎలుగుతుంటే మనిషి దిగొచ్చు.
ఆరిందంటే లోపల గాలి చెడిందని
బండ పక్కన కూర్చుంటారు, ఎవరూ మాట్లాడరు.
ఆ కూర్చున్న సేపే భయం.
ఆ పోస్టరు గీసినోడెవడో
ఎప్పుడో ఒకసారి అక్కడ కూర్చున్నోడే.

రెండోదాంట్లో గుండ్రంలోంచి చెయ్యి.
సరే, చెయ్యే గదా అనుకున్నా.
మూడోదానికి చేతి ఎనక మొహం, మొహానికి కోరపండ్లు,
పండ్లకు నెత్తురు, నెత్తురుకు మెరుపు,
పక్కన నల్లద్దాల హీరో,
కింద సమర్పించేవాళ్ల ఫోటోలు ఏడు
(వాళ్లే నయం, కొంచెం జడుపు పుట్టిస్తాండ్రు).
నెత్తిన ఒక మాట: "గుండె ధైర్యం ఉన్నోళ్లకే!"
నా గుండె సంగతి నీకెందుకబ్బా?
సంతలో మిరపకాయలమ్మే ఈరమ్మ
"కారం, కారం" అని అరవదు.
ఒకటి తుంచి చేతిలో పెడుతుంది, అంతే.

ట్రైలరు ఉరుకుందు ఫోన్లో చూసినా,
బస్టాండు ఎనక టీ బంకు కాడ.
బండ తీసినారు. దీపం దించినారు. ఆరింది.
అక్కడ ఆపల్ల!
ఆపలే. టార్చిలైట్లేసుకోని అందరూ దిగినారు.
దయ్యం ఎవరి పెండ్లామో, ఎవరు చంపినారో,
ఆఖరుకు ఏ తాయెత్తుతో కట్టేస్తారో
రెండు నిమిషాల నలభై సెకన్లలో చెప్పేసినారు.
అన్నం వడ్డించకముందే విస్తరెత్తినట్టు.
మూడుసార్లు ఢమ్మంది.
మూడుసార్లూ ఉలిక్కిపడినా, ఒప్పుకుంటా.
ఎనక లారీ హారన్ కొట్టినా ఉలిక్కిపడతా,
దానికి టికెట్టు కొనను గదా.

పత్తి కాలం ఇది. తడి మైదా కనిపిస్తే
గాలిలో దూది వచ్చి వాలుతుంది.
రెండు దినాలకే దయ్యానికి తల నెరిసింది,
గడ్డమొచ్చింది. బడి పిల్లోల్లు
తాతా తాతా అని నవ్వుకుంటా పోతాండ్రు.

నిన్న పెద్ద సైజువి దిగినాయి.
అదే గోడ. అంటించే చోట ఒక జిరాక్సు కాయితం,
అరచెయ్యంత.
"కనబడుట లేదు. దూదేకుల కాశింబీ. వయసు అరవై రెండు.
కాయి రంగు చీర. మాటలు సరిగా రావు.
మిల్లు దారి మాత్రం గుర్తు.
ఆచూకీ తెలిపినచో దారి ఖర్చులు ఇవ్వబడును."
ఫోటోలో మొహం సగం నలుపు, సగం మసి.
తేదీ ముంగారు నాటిది.
ఉరుకుందు చేతిలో బ్రష్షు నిలబడిపోయింది.
మైదా చుక్కలు చుక్కలుగా కాలి మీద కారతాంది.

దయ్యం నుదురు చదరంగా కోసి
ఆ కాయితం అట్లే వదిలి చుట్టూ అంటించినా.
ఏజెంటుకు ఫోటో పంపితే వెంటనే ఫోన్:
"నుదురేదిరా?"
"కోసినా సార్."
కొంచెం సేపు ఏం మాట్లాడలే.
"ఏమో గానీ... కొత్తగుంది. ఉండనీ.
మిగతా గోడలకూ అట్లే కొయ్యి" అన్నాడు.
నేను కొయ్యలే.

బక్కెట్టు కడిగినంక ఉరుకుందు అన్నాడు,
కింద నంబరుంది, చేసి చూస్తామా అని.
దొరికిందేమో, ఇంట్లోనే ఉందేమో,
కాయితం పీకడం మర్చిపోయినారేమో.

గోడకు వీపానించి కింద కూర్చున్నాం.
ఫోను ఇద్దరి నడుమ నేల మీద పెట్టినాడు.
రింగైతాంది.